దుబాయ్‌లో 1,500 దిర్హాలు, జర్మనీలో నర్సు ఉద్యోగం: డబ్బు కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

గుంటూరు నుంచి మీరు అడిగింది ఇదీ: తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఆరేళ్ల అనుభవం, విజయవాడ ఆటోనగర్‌లో నెలకు 18 వేలు. దుబాయ్‌లో 1,500 దిర్హాల జీతమని చెప్పి ఒక ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. మరదలు, అంటే అతని భార్య, బీఎస్సీ నర్సింగ్, ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్లుగా చేస్తోంది. ఆమెను జర్మనీ పంపిస్తామని ఇంకొక కన్సల్టెన్సీ వాళ్లు మూడు లక్షలు చెబుతున్నారు. ఎవర్ని పంపాలి, ఆ జీతంలో నిజంగా ఏం మిగులుతుంది, పన్ను సంగతేంటి?

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. లక్షన్నర కట్టి తమ్ముణ్ణి పంపొద్దు. గల్ఫ్ వెళ్లొద్దని కాదు, ఆ డబ్బు కట్టి వెళ్లొద్దని. మరదలి దారికి ఏడాదిన్నరో అంతకన్నా ఎక్కువో పట్టొచ్చు కానీ అది గట్టిది. అందులోనూ ఆ మూడు లక్షలు ఇవ్వక్కర్లేదు.

తమ్ముడి సంగతి. దిర్హం విలువ డాలరుకు కట్టేసి ఉంటుంది: డాలరుకు 3.6725 దిర్హాలు. సౌదీ రియాల్ అలాగే 3.75, ఖతార్ రియాల్ 3.64. డాలరు ధర తెలిస్తే మిగతావన్నీ మీరే తేల్చుకోవచ్చు. డాలరు 85 రూపాయలైతే దిర్హం 23 రూపాయల 14 పైసలు. ఇక్కడ ఆ రేటే పెట్టుకుందాం, మీరు లెక్క వేసే రోజు రేటు ఎంతుంటే అంత వేసుకోండి. 1,500 దిర్హాలంటే 34,700 రూపాయలు. "నెలకు నలభై వేలు పైనే" అని ఏజెంటు అన్నాడంటే ఓటీ (ఓవర్‌టైమ్, అదనపు గంటల పని) కలిపి చెప్పాడన్నమాట. ఓటీ కంపెనీ ఇష్టం. సైటు పని తగ్గిన నెలలో ఒక్క గంట కూడా రాకపోవచ్చు.

అసలు అడగాల్సింది 1,500లో బేసిక్ ఎంత అని. ఇది చాలామంది అడగరు. బేసిక్ 1,200, భోజనానికి 300 అని ఒక ఆఫర్ ఉండొచ్చు. బేసిక్ 800, అలవెన్సులు 700 అని ఇంకో ఆఫర్ ఉండొచ్చు. నెలకు చేతికొచ్చేది రెండింట్లోనూ ఒకటే. కానీ యూఏఈ చట్టం ప్రకారం ఓటీ, ఉద్యోగం వదిలినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ రెండూ బేసిక్ మీదే కడతారు. గంట ఓటీ అంటే బేసిక్‌ను 30 రోజులతో, 8 గంటలతో భాగించి పైన 25 శాతం కలపడం. రాత్రి 10 నుంచి తెల్లవారి 4 లోపు చేస్తే 50 శాతం. 1,200 బేసిక్ మీద గంటకు 6.25 దిర్హాలు, 800 మీద 4.17. చట్టం మామూలుగా ఒప్పుకునేది రోజుకు 2 గంటలు. నెలకు 26 రోజులు వేసుకుంటే 52 గంటలు. మొదటి ఆఫర్‌లో 325 దిర్హాలు, రెండోదాంట్లో 217. గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్: 840కి 560. రెండేళ్ల కాంట్రాక్టు మొత్తానికి, ఓటీ ప్రతి నెలా దొరికిందనుకుంటే, తేడా 3,160 దిర్హాలు. 73 వేల రూపాయలు. జీతం మాత్రం రెండు కాగితాల మీదా 1,500 అనే ఉంటుంది.

కంపెనీ గది, సైటుకు బస్సు, మెడికల్ ఇన్సూరెన్స్ విడిగా ఇస్తున్నారా అన్నది తర్వాత చూడాలి. గది ఇవ్వకుండా 1,500లోనే అద్దె కట్టుకోమంటే ఆ ఆఫర్ గురించి ఇంకేం ఆలోచించక్కర్లేదు, వదిలేయండి. దుబాయ్‌లో షేరింగ్ గదిలో మంచానికే వందల దిర్హాలు పోతాయి. గది, బస్సు ఇస్తున్నారనుకుందాం. నలుగురు కలిసి వండుకుంటే తిండికి 400 నుంచి 500, ఫోనుకు 50 నుంచి 100, సబ్బులు, చెప్పులు, మందులు, సెలవు రోజు బయటికెళ్తే అయ్యేది కలిపి ఇంకో వంద. 650 ఖర్చు పెట్టుకోండి. ఓటీ లేకుండా మిగిలేది 850 దిర్హాలు, అంటే 19,700 రూపాయలు. ఓటీ పూర్తిగా దొరికితే 1,175, అంటే 27 వేలు.

ఇప్పుడు లక్షన్నర. మన దగ్గర ఈ డబ్బు బ్యాంకు ఇవ్వదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. నెలకు 3,000 వడ్డీ. ఓటీ లేని మిగులు 19,700 మొత్తాన్నీ అప్పుకే కడితే తీరేది తొమ్మిదో నెలలో. కానీ ఇంట్లో వాళ్లు కూడా తినాలి కదా. సగం ఇంటికి, సగం అప్పుకు అనుకుంటే 19 నెలలు. కాంట్రాక్టు 24 నెలలు. దీనికి తోడు మొదటి జీతం సాధారణంగా వెళ్లిన నెలలో పడదు, వడ్డీ మాత్రం డబ్బు తెచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. అప్పుతో వెళ్లినవాడు గది బాగోలేకపోయినా, జీతం ఆలస్యమైనా, పని వేరేది చెప్పినా నోరెత్తలేడు. ఆటోనగర్‌లో ఆ 18 వేలలో ఇంటి భోజనం తింటూ ఎనిమిది వేలు వెనకేసుకుంటున్నా, రెండేళ్లకు అప్పు లేకుండా 1,92,000. ఈ లెక్క పక్కన పెట్టుకుని ఆ ఆఫర్ చూడండి.

చట్టం ప్రకారం లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జి గరిష్ఠంగా 30,000, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. యూఏఈ చట్టంలోనైతే నియామక ఖర్చు కంపెనీదే, ఉద్యోగి నుంచి నేరుగా గానీ మరో రూపంలో గానీ వసూలు చేయకూడదు. అంటే "వీసా ఖర్చు", "టికెట్ ఖర్చు" అని మీ దగ్గర అడిగే డబ్బులో చాలా భాగం కంపెనీ అప్పటికే కట్టినదో, అసలు ఖర్చే కానిదో. మీరు కట్టాల్సినవి వేరే ఉన్నాయి: పాస్‌పోర్టు 1,500, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ 500, మెడికల్, సర్టిఫికెట్ల అటెస్టేషన్. సర్వీసు చార్జితో కలిపి ఇదంతా లక్షన్నర దరిదాపుల్లోకి కూడా రాదు.

ఏజెంటును పరీక్షించే పని పది నిమిషాలది. విదేశాంగ శాఖ నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. లైసెన్సు లేనివాళ్లంటూ ఫిర్యాదులు వచ్చినవారి జాబితా విడిగా ఉంటుంది. ఫ్లెక్సీ మీద పేరు కాకుండా లైసెన్సు నంబరు అడగండి. ఆ నంబరు కొట్టి పేరు, ఆఫీసు చిరునామా, గడువు సరిపోయాయా చూడండి. ఇక్కడ దొర్లే పొరపాటు ఒకటుంది. లైసెన్సు హైదరాబాద్ లేదా ముంబై సంస్థదై ఉంటుంది, మీతో మాట్లాడేది బెంజ్ సర్కిల్ దగ్గరో బ్రాడీపేటలోనో గది తీసుకుని కూర్చున్న సబ్ ఏజెంటు. 1983 ఎమిగ్రేషన్ చట్టంలో సబ్ ఏజెంటు అనే వ్యవస్థే లేదు. అతను చూపించేది వాళ్ల లైసెన్సు జిరాక్సు. ఆ అసలు సంస్థకు మీరే ఫోన్ చేసి, ఫలానా ఊళ్లో ఫలానా మనిషి మీ తరఫున మనుషుల్ని తీసుకుంటున్నాడా, ఫలానా కంపెనీ డిమాండ్ లెటర్ (మనుషులు కావాలని కంపెనీ ఇచ్చే పత్రం) మీ దగ్గరుందా అని అడగండి. డబ్బు ఇస్తే ఆ సంస్థ ఖాతాకే బ్యాంకు ద్వారా ఇవ్వండి. ఫోన్‌పేలో ఎవరో వ్యక్తి పేరు వస్తే అక్కడే ఆగిపోండి.

తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు కాబట్టి ఆయన పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ కిందికొస్తుంది. అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి వెళ్లే ముందు తీసుకునే ప్రభుత్వ అనుమతి) అక్కర్లేదు. ఇది సౌకర్యమే కానీ ఒక రకంగా ప్రమాదం కూడా. పది పాసవ్వని వాళ్లు గల్ఫ్ వెళ్లాలంటే కాంట్రాక్టు ఈమైగ్రేట్‌లో ఎక్కాలి, ప్రవాసీ భారతీయ బీమా యోజన చేయించాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం, బీమా 10 లక్షలు. మీ తమ్ముడి లాంటివాళ్ల విషయంలో ఆ తనిఖీ ఏదీ ఉండదు. అందుకే ఏజెంట్లు "మీకు ఈసీఎన్ఆర్ ఉంది, విజిట్ వీసా మీద వెళ్లిపోండి, అక్కడ మార్చేస్తారు" అంటారు. విజిట్ వీసా మీద పని చేయడం యూఏఈలో నేరం. పట్టుబడితే పంపేస్తారు. గడువు దాటితే రోజుకు 50 దిర్హాల జరిమానా. ఆ సమయంలో చేసిన పనికి జీతం అడిగేందుకు చేతిలో కాంట్రాక్టు ఉండదు. ఉద్యోగం నిజమైతే కంపెనీ ఇక్కడున్నప్పుడే ఎంప్లాయ్‌మెంట్ ఎంట్రీ పర్మిట్ పంపుతుంది.

ఆ పర్మిట్ కన్నా ముందు వచ్చేది ఆఫర్ లెటర్. ఏజెంటు కంపెనీ లెటర్‌హెడ్ మీద టైపు చేసి ఇచ్చేది కాదు, యూఏఈ కార్మిక శాఖ ఎంఓహెచ్ఆర్ఈ నమూనాలో ఉండేది. అందులో అరబిక్, ఇంగ్లీషు పక్కపక్కనే ఉంటాయి. బార్‌కోడు, నంబరు ఉంటాయి. ఆ శాఖ సైటులో వెతికితే నిజమో కాదో తెలుస్తుంది. హిందీ, తమిళం, మలయాళంలాంటి భాషల్లోనూ ఇస్తారు, కావాల్సిన భాష అడగొచ్చు. సంతకం చేసే ముందు చూడాల్సినవి: ఉద్యోగం పేరు ఎలక్ట్రీషియన్ అని ఉందా, హెల్పర్ అని ఉందా. బేసిక్ ఎంత. గది, రవాణా కంపెనీవా. ప్రొబేషన్ ఎన్ని నెలలు, ఆరు దాటకూడదు. వారానికి 48 గంటలకు మించి రాశారా. ఏడాదికి 30 రోజుల సెలవు ఉందా. ఉద్యోగం పేరు దగ్గర మోసం ఎక్కువ. ఇక్కడ ఎలక్ట్రీషియన్ అని ఇంటర్వ్యూ చేస్తారు, కాగితంలో హెల్పర్ అని పడుతుంది, అక్కడికెళ్లాక కేబుల్ మోయిస్తారు. ఇది అక్కడికి వెళ్లి అడిగితే తేలదు. ఇక్కడే కాగితం చూసి అడగాలి. ఆ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి, ఇంట్లో ఒక కాపీ ఉంచండి.

వెళ్లాక జీతం డబ్ల్యూపీఎస్ అనే పద్ధతిలో బ్యాంకు లేదా కార్డు ద్వారా పడాలి. గడువు తర్వాత 15 రోజులు దాటినా పడకపోతే అది ఆలస్యం కింద లెక్క, శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. చేతిలో నగదు ఇచ్చి ఎక్కువ మొత్తానికి సంతకం పెట్టించుకుంటే ఒప్పుకోకూడదు. ప్రొబేషన్‌లో ఉద్యోగం వదిలి ఇంటికి రావాలంటే 14 రోజుల నోటీసు, అక్కడే వేరే కంపెనీకి మారాలంటే నెల. చెప్పకుండా గది నుంచి వెళ్లిపోతే పరారీ కేసు పెడతారు, అప్పుడు న్యాయం మీ వైపున్నా కేసులో చిక్కుకుంటారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోకూడదు. భారత కాన్సులేట్ సహాయ కేంద్రం దుబాయ్‌లో ఉంది, విదేశాంగ శాఖ ఫిర్యాదుల పోర్టల్ మదద్‌లో ఇక్కడి నుంచి కుటుంబం కూడా ఫిర్యాదు చేయొచ్చు. రాష్ట్రం తరఫున ఓంకాప్, తాడేపల్లిలోని ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి. ఓంకాప్ ప్రభుత్వ రిక్రూటింగ్ సంస్థ. అందులో వచ్చే ప్రకటనలు ముందు చూడండి, తర్వాతే ప్రైవేటు ఏజెంట్ల దగ్గరికి వెళ్లండి.

సౌదీ వస్తే రెండు తేడాలు. అక్కడికి వెళ్లే ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటివాళ్లు చాలా పనులకు స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి, అదీ ఇక్కడే రాయాలి. పరీక్ష పాసైన పని పేరుకూ వీసాలోని పని పేరుకూ పొంతన లేకపోతే వీసా స్టాంపింగ్ ఆగిపోతుంది. రెండోది, ఉద్యోగం వదిలినప్పుడు ఇచ్చే డబ్బు (ఎండ్ ఆఫ్ సర్వీస్) లెక్క వేరు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, తర్వాత పూర్తి నెల, అలవెన్సులు కలిపిన జీతం మీద. అయితే తానే రాజీనామా చేస్తే రెండేళ్ల లోపు ఏమీ రాదు, రెండు నుంచి ఐదేళ్ల మధ్య మూడో వంతే. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాల్స్, గది ఇవ్వకపోతే 500, భోజనం ఇవ్వకపోతే 300 అదనం. "మంచి జీతం" అని 1,000 చూపిస్తే అది చట్టం పెట్టిన అడుగు గీత మాత్రమే.

తమ్ముడికి నిజంగా జీతం పెరగాలంటే దేశం మార్చడం కన్నా పని మార్చుకోవడం మేలు. ఇంటి వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్లు గల్ఫ్‌లో కొల్లలు. ప్యానెల్ టెర్మినేషన్, హెచ్‌టీ (హై టెన్షన్) కేబుల్ జాయింటింగ్, ఇన్‌స్ట్రుమెంటేషన్, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) తెలిసినవాడిని కంపెనీయే టికెట్ పెట్టి తీసుకెళ్తుంది, రిఫైనరీ షట్‌డౌన్ పనులకు మరీనూ. చేతిలో ఆరేళ్ల అనుభవం ఉంది. ఒక ఏడాది ప్యానెల్ బోర్డుల షాపులో గానీ ప్లాంట్ మెయింటెనెన్స్‌లో గానీ చేసి, అనుభవం సర్టిఫికెట్‌లో ఆ పని పేరు స్పష్టంగా రాయించుకుని వెళ్తే ఆఫర్ స్థాయి మారుతుంది.

ఇక మరదలు. జర్మనీకి నర్సులు నిజంగా కావాలి, అది ఏజెంటు కల్పన కాదు. వృద్ధుల సంరక్షణ రంగంలో అక్కడి ప్రభుత్వమే కనీస వేతనం పెట్టింది: 2025 జులై నాటి లెక్కలో గుర్తింపు పొందిన నర్సుకు గంటకు 20.50 యూరోలు, సహాయకురాలికి 16.10. ఇందులో అర్థం చేసుకోవాల్సిన మాట "గుర్తింపు". మన బీఎస్సీ నర్సింగ్ అక్కడ నేరుగా చెల్లదు. అనెర్కెన్నుంగ్ అనే ప్రక్రియలో ఆ రాష్ట్రపు అధికారులు సిలబస్‌ను వాళ్ల చదువుతో పోల్చి, తక్కువైన భాగాలను రాసి ఇస్తారు. ఆ కొరతను తీర్చడానికి ఆసుపత్రిలోనే కొన్ని నెలల శిక్షణ చేయాలి లేదా ఒక పరీక్ష రాయాలి. అది పూర్తయ్యేదాకా ఆమె సహాయకురాలి జీతం మీదే ఉంటుంది.

చేతికొచ్చేది ఇలా ఉంటుంది. గంటకు 16.10 చొప్పున నెలకు సుమారు 2,700 యూరోలు. పెన్షన్, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, సంరక్షణ బీమా కలిపి 21 శాతం పైనే పోతుంది, పన్ను వేరు. ఒంటరిగా ఉన్న మనిషికి చేతికి 1,900 అటూఇటూ. గుర్తింపు వచ్చాక సుమారు 3,400 మీద చేతికి 2,300 దరిదాపు. చిన్న పట్టణంలో గదికి 450 నుంచి 600, తిండికి 250, నెలవారీ రవాణా టికెట్ 2026లో 63, టీవీ రేడియో చందా 18.36, ఫోను, చిల్లర ఖర్చులు కలిపి ఇంకో 150. మొదటి దశలోనే 850 దాకా మిగులుతుంది. యూరో 100 రూపాయలనుకుంటే 85 వేలు. మ్యూనిక్‌లో అయితే అద్దె ఇందులో పెద్ద భాగం మింగేస్తుంది, అందుకే ఊరు అడగకుండా జీతం గురించి మాట్లాడొద్దు.

అసలు పని భాష. జర్మన్‌లో బీ2 స్థాయి కావాలి (ఏ1, ఏ2, బీ1, బీ2 అని ఒక్కో మెట్టు), కొందరు బీ1తో తీసుకెళ్లి మిగతాది అక్కడ చేయిస్తారు. ఏ1 నుంచి బీ2 దాకా రోజూ పూర్తి సమయం చదివితే తొమ్మిది నెలల నుంచి ఏడాది. డ్యూటీ చేస్తూ సాయంత్రాలు చదివితే ఏడాదిన్నర. ఆరు నెలల్లో బీ2 అనే ప్రకటనలు నమ్మొద్దు. బీ2లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం విడివిడి మాడ్యూళ్లు, తప్పినదాన్ని మాత్రమే మళ్లీ రాయొచ్చు. వినడం ఒక్క రోజులో వచ్చేది కాదు, కాబట్టి మొదటి నెల నుంచే చెవికి పని పెట్టాలి. హైదరాబాద్ గోథె సెంట్రమ్, చెన్నై గోథె ఇన్‌స్టిట్యూట్ పరీక్షా కేంద్రాలు. తేదీలు తొందరగా నిండిపోతాయి.

భాషతో పాటు ఇప్పుడే మొదలుపెట్టాల్సింది కాగితాలు. ఏపీ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం డిగ్రీ, ఏడాదివారీ మార్కుల జాబితాలు. ఇవి దొరుకుతాయి. దొరకనిది సబ్జెక్టులవారీగా థియరీ గంటలు, వార్డు గంటలు చూపే పత్రం. కాలేజీ తన లెటర్‌హెడ్ మీద ఇవ్వాలి. "నాలుగేళ్ల కోర్సు పూర్తి చేసింది" అని ఒక్క వాక్యం రాసి పంపితే జర్మన్ అధికారులు ఆ గంటలన్నీ కొరత కింద రాసేస్తారు, శిక్షణ పొడవు పెరుగుతుంది. పాత కాలేజీలో ప్రిన్సిపాల్ మారితే ఈ పత్రం మరీ కష్టం, అందుకే వెంటనే వెళ్లి అడగమనండి.

మూడు లక్షల విషయం. అక్కడి మర్యాదైన ఆసుపత్రులు, సంరక్షణ సంస్థలు నర్సు దగ్గర డబ్బు తీసుకోవు. న్యాయమైన నియామకం అనే ప్రభుత్వ నాణ్యతా ముద్ర ఉన్న సంస్థలకు ఇది నిబంధనే: ఖర్చంతా యజమానిది. వీసా త్వరగా తేల్చే ప్రక్రియకు ఫీజు 411 యూరోలు కూడా యజమాని దరఖాస్తుతోనే వస్తుంది. వీసా ఫీజు 75 యూరోలు. మీరు పెట్టాల్సిన ఖర్చు భాషకు, పరీక్షకు, అనువాదాలకు. కొన్ని సంస్థలు "మేమే ఉచితంగా జర్మన్ నేర్పిస్తాం" అంటాయి. అది మంచిదే కావచ్చు, కానీ ఒప్పందంలో మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి, అక్కడ ఎన్నేళ్లు అదే యజమాని దగ్గర ఉండాలి అన్న వాక్యాలు చదవకుండా సంతకం చేయొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలొద్దు. స్కాన్ చేసి ఇవ్వండి, అసలు చూపించి వెనక్కి తెచ్చుకోండి.

భార్యకు గుర్తింపు, నివాస అనుమతి వచ్చాక భర్త కుటుంబ వీసా మీద వెళ్తే ఆయనకు పని చేసే హక్కు ఉంటుంది. తమ్ముడికి ఇదే అన్నిటికన్నా మంచి దారి. ఆయన ఐటీఐ రెండేళ్ల కోర్సు కాబట్టి, గత ఐదేళ్లలో రెండేళ్ల అనుభవం ఉంటే సొంతంగా కూడా ఒక మార్గం ఉంది. కానీ దానికి 2026లో ఏడాదికి 45,630 యూరోల జీతమిచ్చే యజమాని కావాలి, జర్మన్ రాని ఎలక్ట్రీషియన్‌కు అది దొరకడం అరుదు. ఇద్దరూ కలిసి ఏ1 మొదలుపెట్టమనండి.

పక్క దారుల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు అమ్మడానికి వస్తారు. బ్రిటన్ కేర్ వర్కర్ వీసాకు విదేశాల నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం 2025 జులై 22న ఆపేశారు, ఇంకా ఎవరైనా ఆ పేరుతో డబ్బు అడిగితే అది మోసమే. రిజిస్టర్డ్ నర్సులకు దారి ఉంది, ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ)లో బ్యాండ్ 5 అనే నర్సు స్థాయి మొదటి జీతం 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లు. అమెరికా సంగతి మన జిల్లాల్లో అందరికీ నాకన్నా ఎక్కువే తెలుసు. 2025 సెప్టెంబరు నుంచి కొత్త హెచ్-1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల భారం పడ్డాక చిన్న కంపెనీలు తప్పుకున్నాయంటే ఆశ్చర్యం లేదు. ఇక థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్‌లో డేటా ఎంట్రీకి వెయ్యి డాలర్లు అంటే ఫోన్ పెట్టేయండి. అవి సైబర్ మోసాల శిబిరాలు. 2024లో విశాఖ పోలీసులు ఇలా కంబోడియాకు తరలించిన ముఠాను పట్టుకున్నారు.

రెండు దారుల్లోనూ మన వాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పదో తరగతి మెమోలో "కె. సాయికుమార్", ఐటీఐలో "కొల్లి సాయి కుమార్", పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇలాంటి వాటితో అటెస్టేషన్ ఆగిపోతుంది. పాస్‌పోర్టులో ఒకే పేరుండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే యూఏఈ విజిట్ ప్రయాణానికి 2022 నుంచి అనుమతించడం లేదు. ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు సరిగ్గా పడేలా చేయించుకోండి, మిగతావాటిని దానికి కలపండి. మెమోలోని పొడి అక్షరాల వివరణకు అఫిడవిట్ సిద్ధంగా పెట్టుకోండి. మరదలి పెళ్లికి ముందు పేరు, తర్వాతి పేరు తేడా ఉంటే వివాహ ధ్రువపత్రం కూడా. అటెస్టేషన్‌లో రాష్ట్ర స్థాయి ముద్ర ముందు, విదేశాంగ శాఖ తర్వాత, అవసరమైతే ఆ దేశపు రాయబార కార్యాలయం చివర. వరస తప్పితే మొదటి నుంచి మళ్లీ.

గల్ఫ్ మెడికల్‌లో ఎక్స్‌రే మీద పాత టీబీ మచ్చ కనిపించినా అన్‌ఫిట్ పడే ప్రమాదం ఉంది, హెపటైటిస్ బీ ఉన్నా అంతే. ఏజెంటుకు డబ్బు కట్టకముందే దగ్గర్లోని ల్యాబులో ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్ష సొంతంగా చేయించుకోవడం మంచిది. వెయ్యి రెండువేల రూపాయల్లో తేలిపోతుంది.

చివరగా మీరు అడిగిన పన్ను సంగతి. ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్లే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కన్నా తక్కువ ఉంటే ఆ ఏడాదికే ప్రవాసి అవుతాడు. అంటే సెప్టెంబరు 28లోపు విమానం ఎక్కితే ఆ ఏడాది విదేశీ జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. ఆ తర్వాత వెళ్తే ఆ ఏడాది లెక్కల్లో ఇక్కడి నివాసిగానే ఉంటాడు. వెళ్లాక పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఇక్కడి ఆదాయానికి ప్రవాసుల ఖాతా) మార్పించి, కొత్తగా ఎన్ఆర్ఈ ఖాతా (విదేశీ సంపాదనకు) తెరవాలి. పంపే డబ్బు ఎన్ఆర్ఈలోకే వేయాలి, దాని వడ్డీ మీద పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీలో బ్యాంకు 30 శాతం కోస్తుంది. ఇంట్లో డబ్బు తీసుకోవడానికి మీ పేరు మీద మాండేట్ (ఖాతా నడిపే అధికారపత్రం) ఇవ్వమని బ్యాంకును అడగండి, ఏటీఎం కార్డు, పిన్ ఇచ్చి వెళ్లడం కన్నా అది సక్రమం.